టేపులో లేని తెడ్డు చప్పుడు

సూయజ్, జాలర్ల సందు
నవంబరు 6, గురువారం

చెల్లెలి కూతురు దలాల్‌కి పెద్దమ్మ వహీబా రాసేది.

నువ్వు కైరోలో బాగానే ఉన్నావని మీ అమ్మ చెప్పింది. నా అక్షరాలు చూసి నవ్వుకోకు. పెద్దల బడిలో రెండు చలికాలాలు కూర్చున్నాను. టీచరమ్మ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, నా చదువు అక్కడితో ఆగింది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. టీ కొట్టులో ఫోన్ పట్టుకుని నిలబడితే అందరూ టీ తాగడం మానేసి నా మొహం చూస్తారు. అదీ కాక నువ్వూ ఖమీసూ మాట చివర ఒకేలా లాగుతారు. నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు. అందుకే కాగితం.

ఇవాళ ఖమీసు సమాధి దగ్గర రొట్టెలు పంచి వచ్చేసరికి హుస్నియ్యా మా మెట్టు మీద కూర్చుని ఉంది. లేచి నా తల ముద్దు పెట్టుకుంది. "ఖమీసు తల్లీ, మా పిల్ల పెళ్లి రెండుసార్లు వాయిదా వేశాం. పెళ్లికొడుకు తల్లి ఊరికే ఉంటుందా, పిల్లకేదో లోపం ఉందంటోంది. నువ్వు ఊఁ అను. డప్పు కూడా వద్దులే, ఉత్త చప్పట్లతో కానిస్తాం" అంది.

"చప్పట్లు చెవికి వినపడవా హుస్నియ్యా" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగింది. మలుపు దగ్గర ఆగి కళ్లు తుడుచుకుంది. చూశాను, పిలవలేదు.

చావు జరిగిన ఇంటి తల్లి "ఇక కానివ్వండి" అనేదాకా మన సందులో పాట ఉండదు, నీకు తెలిసిందే. ఎవరైనా నలభయ్యో రోజుకి అనేస్తారు. నేను తొమ్మిది నెలలైనా అనలేదు. రేడియోలు కూడా దుప్పటి కింద పెట్టుకుని వింటున్నారు. ప్రతి నెల మొదట్లో ఫర్గలీ బాబాయి నా మాట కోసం వస్తాడు. ఖమీసుకి వేళ్లు పట్టుకుని సిమ్‌సిమియ్యా తీగలు మీటడం నేర్పినవాడాయన, నా మీద కోపం ఉండాల్సింది ఆయనకే. గుమ్మం బయటే నిలబడతాడు. మొన్న ఏమన్నాడో తెలుసా? "ఖమీసు తల్లీ, యుద్ధంలో ఊరిని నూర్రోజులు చుట్టుముట్టినప్పుడు టెలిఫోను తీగలు తెంపి ఈ పెట్టెకి కట్టుకుని వాయించాం. వాళ్ల ఫిరంగులు నా నోరు మూయించలేదు. నువ్వు మూయించావు."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. "ఇంకా కాదు బాబాయ్" అన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు.

మీ సినిమా తీసినాయన, నదీమ్ గారు, కబురు పెట్టాడు. జనవరిలో మన సందులో తెల్లగుడ్డ కట్టి సినిమా వేస్తారట, అది అయ్యాక పాటల కూటం వాయించాలట, దానికి నా మాట కావాలట. ఇస్తాను. ఆయనకి నువ్వే చెప్పు. కానీ ముందు నాకొకటి కావాలి. ఖమీసు పోయిన రోజు మీ యంత్రాల్లో ఏం పడిందో నేను వినాలి. పొద్దున ఇంట్లోంచి వెళ్లాక ఎవరితో మాట్లాడాడు, కోపంగా ఉన్నాడా, పాడాడా. శబ్దం పట్టేదానివి నువ్వే. ఏడాదంతా ఆ తొడుగులు నీ చెవుల మీదే ఉన్నాయి. వాడి టేపు రికార్డరు ఇంట్లోనే ఉంది. క్యాసెట్టు పంపు.

నీ పెద్దమ్మ

*

కైరో
నవంబరు 14

పెద్దమ్మకి, నీ చేతులు ముద్దు పెట్టుకుంటూ దలాల్.

నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు నా అక్షరాల కంటే నయం.

సినిమా పూర్తయింది. గంటా ఇరవై నిమిషాలు. కథ చెప్పే గొంతు ఉండదు, ప్రశ్నలుండవు. మన సందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అషూర్ వల బాగుచేస్తూ పక్కవాడిని తిట్టడం, ఆడవాళ్లు పంపు దగ్గర చేపలు కడగడం, ఫర్గలీ తాత తీగ బిగించి చెవి దగ్గర పెట్టుకోవడం. ఖమీస్ కొత్త వాద్యానికి చెక్క రుద్దుతుంటే నువ్వు వెనక నుంచి "ఆ చెక్కపొడి అంతా నా బియ్యంలో పడుతోందిరా" అంటావు. ఇక్కడ చూసినవాళ్లందరూ అక్కడ నవ్వారు. కాలువలోకి వంతు కోసం లంగరేసుకున్న ఓడలు వెనక వరసగా ఉంటాయి. చాలా బాగా వచ్చింది పెద్దమ్మా.

మొదట్లో తెర మీద ఒకే వాక్యం వస్తుంది: "ఈ చిత్రం కోసం ఎవరినీ ఏమీ చేయమని అడగలేదు. చూశాం, విన్నాం, అంతే." నదీమ్ గారికి ఆ వాక్యం ప్రాణం. ఒకసారి అషూర్ కెమెరా వైపు తిరిగి "మళ్లీ చెయ్యమంటారా" అన్నాడని ఆ రోజు తీసిందంతా పక్కన పడేశారు.

నువ్వు అడిగిన రోజు సంగతి. ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. మేము యంత్రాలు బయటికి తీయలేదు. నదీమ్ గారు కూడా ఊళ్లో లేరు. అందుకని ఆ రోజుది ఏమీ లేదు. మిగతా రోజుల్లో ఖమీస్ పాడినవి చాలా ఉన్నాయి, అన్నీ క్యాసెట్టు చేసి పంపుతాను.

చలి మొదలైంది. మోకాళ్లకి ఉన్ని చుట్టుకో.

దలాల్

*

సూయజ్
డిసెంబరు 3

దలాల్‌కి.

గాలి ఎక్కువగా ఉందన్నావు. ఆ పొద్దున నేను దుప్పట్లు ఆరేశాను. తాడు మీద ఒక్క దుప్పటీ కదల్లేదు. అంషీర్ నెల గాలి సాయంత్రపు అసర్ నమాజు దాటాక లేచింది. సందులో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది, అందరం ఒక్కసారే గుడ్డలకోసం పరిగెత్తాం. అప్పటిదాకా మీ యంత్రాలు ఏం చేస్తున్నాయి?

సరే. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా.

ఆ పొద్దున ఇంట్లో పిండి తప్ప ఏమీ లేదు. వాడు మెట్టు మీద కూర్చుని తీగలు బిగిస్తున్నాడు. ఏడాదిగా అదే పని. మీరు వచ్చినప్పటి నుంచీ వాడు సముద్రం మీద కంటే కెమెరా ముందే ఎక్కువ ఉన్నాడు, నేనేం తప్పుగా అనడం లేదు, అది నిజం. నాకు ఒళ్లు మండింది. "మీ నాన్న చేతులు వల లాగి కాయలు కాశాయి. నీ చేతులు పెళ్లికూతురి చేతుల్లా ఉన్నాయి. ఈ సినిమావాళ్లు వెళ్లిపోయాక ఆ తీగల పెట్టె ఉడికించి పెడతావా నాకు" అన్నాను.

వాడు తల ఎత్తకుండా, "ఉప్పు సరిపోయిందో లేదో చెప్పాలి మరి" అన్నాడు.

వాడు నవ్వుతుంటే ఇంకా మండింది. "సముద్రం అక్కడే ఉందో ఎటైనా పోయిందో ఒకసారి వెళ్లి చూసిరా" అన్నాను.

"ఉంటే ఏం తెమ్మంటావు?"

"ఏమైనా తే. ఏమీ తేకుండా మాత్రం ఈ గుమ్మం ఎక్కకు."

ఇవే నా మాటలు, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. వాడు గుమ్మం ఎక్కలేదు దలాల్. మూడో రోజు అషూర్ వాళ్లు తలుపు పలక మీద పడుకోబెట్టి తెచ్చారు, నలుగురు మోసి ఎక్కించారు.

సందంతా అనుకుంటోంది, ఈమెకి కొడుకు మీద ప్రేమ ఎక్కువ, అందుకే పాట వద్దంటోందని. ప్రేమ కాదు. వాడి చేతిలో పెట్టెని తిట్టి పంపాను. ఇప్పుడు ఇంకొకరి చేతిలో అదే పెట్టె మోగితే నేను ఎక్కడ కూర్చుని వినాలి?

ఇంకో సంగతి. ఫర్గలీ బాబాయి ఈ నెల మొదట్లో రాలేదు. టీ కొట్టులో గ్లాసు ఎత్తబోతే చెయ్యి ఎత్తుకోలేదట. కుడి పక్క పడిపోయింది. చూడ్డానికి వెళ్లాను. ఆయన పెళ్లాం ఆయన వేళ్లు ఒక్కొక్కటీ చాపి నూనె రాస్తోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నేను ఆపకపోతే పది నెలలు ఆ చేత్తో ఆయన వాయించేవాడు. ఆ పది నెలలూ నేను తీసుకున్నాను.

ఇంక నా దగ్గర దాచింది లేదు. నీ దగ్గర ఉన్నది పంపు.

వహీబా

*

కైరో
డిసెంబరు 12

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు ఏమీ రాయలేకపోయాను. నేను అబద్ధం చెప్పాను. ఆ రోజుది ఉంది.

ముందురోజు ఖమీస్ తెడ్డు పాట పాడాడు, పడవ మీద నుంచి. ఈ సినిమా మొత్తంలో అంత మంచి పాట లేదు. సరిగ్గా మూడో చరణంలో లంగరేసిన ఓడ ఒకటి కూత పెట్టింది. అంతా పాడైంది. నదీమ్ గారు "పోతే పోయింది, అదీ జీవితమే" అనేసి ఇస్మాయిలియా వెళ్లిపోయారు. నాకు మనసొప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం ఖమీస్ తెడ్లు భుజాన వేసుకుని రేవు వైపు వస్తుంటే నేనే ఎదురెళ్లాను.

"ఇంకొక్కసారి పాడు. నీళ్ల మీద తేలే ఆ పసుపు బోయా దాకా వెళ్లి వచ్చెయ్" అన్నాను.

"మీ నియమం ఏమైంది కైరో రాణిగారూ, మమ్మల్ని ఏమీ అడగకూడదుగా?"

"అడిగేది సినిమా కాదు, పిన్ని కూతురు."

"పిన్ని కూతురైతే ఒక టీ ఇప్పించాలి" అన్నాడు. ఇప్పిస్తానన్నాను.

చొక్కా లోపల రొమ్ము మీద చిన్న మైకు పెట్టాను. దాని పెట్టె తడవకుండా నడుముకి ప్లాస్టరు వేసి అంటించాను. తీగ లేకుండానే దూరం నుంచి వినపడుతుంది అది. రేవు చివర చెవులకి తొడుగులు పెట్టుకుని నిలబడ్డాను. పాట మొత్తం వచ్చింది. ఓడల్లో ఒక్కటీ కూయలేదు. నేను సంతోషంతో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను పెద్దమ్మా. తర్వాత గాలి లేచింది, శబ్దం తెగిపోయింది.

నేను బ్యాటరీ అయిపోయిందనుకున్నాను.

పెట్టె సర్దుకుని టీ కొట్టుకి వెళ్లి కూర్చున్నాను, వాడికీ ఒక టీ చెప్పి. ఒక గంట. ఆ గంటలో నేను ఎవరినైనా పిలిచి ఉంటే అషూర్ వాళ్ల పెద్ద పడవ వెళ్లేది. వాడి టీ మీద మీగడ కట్టింది, నేను ఈగలు తోలుతూ కూర్చున్నాను. నదీమ్ గారికి ఇదేదీ తెలియదు. ముందురోజు పాటలో ఓడ కూత నేను తీసేశానని అనుకుంటున్నారు. సినిమా చివర వచ్చే పాట ఆ రోజుదే.

నువ్వు పంపలేదు వాడిని. నేను పంపాను. ఆ మాట నువ్వు మోయవద్దు.

క్యాసెట్టు ఇందులో పెట్టాను. పంపించడానికి చేతులు రావడం లేదు, అయినా పంపుతున్నాను.

దలాల్

*

సూయజ్
డిసెంబరు 20

దలాల్,

మన దగ్గర మగవాళ్ల శవాన్ని మగవాళ్లే కడుగుతారు. ఆ రోజు అషూర్ కడిగాడు. కడిగి వచ్చి రుమాలు ముడి ఒకటి నా చేతిలో పెట్టి, "పిన్నీ, ఇది వాడి నడుముకి అంటించి ఉంది. నాకేమిటో తెలీదు. ఎవరికీ చూపించలేదు" అన్నాడు. నల్ల పెట్టె, చిన్న తోక. నేను పిండి డబ్బాలో అడుగున పెట్టాను. నలభయ్యో రోజు దాటాక రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్తే, ఇది మాట మోసుకెళ్లేది, వినేవాడు ఎక్కడో ఉంటాడు అన్నాడు.

కాబట్టి వినేవాడు ఎవరో ఉన్నారని నాకు మొదటి నుంచీ తెలుసు. నదీమ్ అనుకున్నాను. ఎనిమిది నెలలు రోజూ పిండి తీసినప్పుడల్లా ఆయన్ని తిట్టుకున్నాను. నీతో చెప్పించాలనే మొదటి ఉత్తరం రాశాను. నువ్వు ఆయన్ని కాపాడుతున్నావనుకున్నాను. అది నువ్వేనని అనుకోలేదు.

నేను రాసింది మాత్రం నీకు ఎర వెయ్యడానికి కాదు. నేను అన్నది అన్నానే.

క్యాసెట్టు ఏడుసార్లు విన్నాను. మొదటి రెండుసార్లు వాడి గొంతు తప్ప ఏమీ వినపడలేదు. మూడోసారి తెడ్లు వినపడ్డాయి. మా పడవ ఎడమ తెడ్డు తాడు ఎండిపోయి మూలుగుతుంది, మీ పెదనాన్న ఉన్నప్పటి నుంచీ అంతే. మూలుగు, నీళ్లు. మూలుగు, నీళ్లు. చరణానికి నాలుగు వేట్లు. పాట అయ్యాక వాడు "సరిపోయిందా దలాల్" అంటాడు కదా. అక్కడ ఒకచోట నీళ్లు, వెంటనే మళ్లీ నీళ్లు. మధ్యలో మూలుగు లేదు. నీళ్ల తర్వాత నీళ్లు ఎలా వస్తాయి? తెడ్డు లాగకుండా పడవ నడవదు.

ఇంకొకటి. తెడ్డు వేసేవాడు పడవ వెళ్లే వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. ఒడ్డున దుప్పటి కదలకపోయినా నీళ్ల మీద సన్నటి ఉత్తరపు గాలి ఉంటుంది, బయటికి వెళ్తుంటే అది రొమ్ముకే కొడుతుంది, అందుకే పాటంతా వాడి చొక్కా గరగరమంటోంది. బోయా దగ్గర తిరిగి ఉంటే గాలి వీపు మీదికి పోయి గరగర ఆగాలి. ఆగలేదు. చివరిదాకా ఉంది. అంటే నీ పాట అయిపోయాక కూడా వాడు తిరగలేదు. ఇంకా ముందుకే పోయాడు.

నువ్వు చదువుకున్నదానివి, ఎన్నో ఏళ్లుగా శబ్దాలు కోసి అతుకుతున్నావు. పడవలో ఎప్పుడూ వెనక్కి తిరిగి కూర్చుని తెడ్డు వెయ్యలేదు, అందుకే నీకు తట్టలేదు. ఈ సందులో తెడ్డు చప్పుడు వింటూ అన్నం వండిన ఏ ఆడదానికైనా తెలిసిపోతుంది.

పాట కోసం వెళ్లినవాడు పాట అయ్యాక ఎందుకు తిరగలేదు? కోసింది పంపు.

*

కైరో
డిసెంబరు 27

పెద్దమ్మా,

కోసిన ముక్క ఇదిగో. వేరే క్యాసెట్టులో, మొదటి నుంచి చివరిదాకా ఏమీ తీయకుండా. నేను కోసింది రెండు నిమిషాల పది సెకన్లు. అది తీసేసినప్పుడు నీ మాటల సంగతి నాకు తెలియదు. వాడు నవ్వుతూ పాడాడు కాబట్టి ఇంట్లో ఏదో చిన్న గొడవ అనుకున్నాను, విన్నా నువ్వు బాధపడతావని తీశాను. నీ డిసెంబరు మూడు ఉత్తరం చదివాక అర్థమైంది. అప్పుడు ఇంకా లోపల దాచాను.

నిన్ను కాపాడాలనుకున్నాను. నన్ను నేను కూడా. నేనే పంపానని నువ్వు నమ్మితే నీకు తేలిక అవుతుందనుకున్నాను. నాకూ తేలికే అయింది, ఎలాగో చెప్పలేను. తప్పంతా నా ఒక్కదానిదే అనుకుంటే నిద్ర పట్టేది.

ఒక్కదానివే ఉన్నప్పుడు వినకు. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో.

దలాల్

*

సూయజ్, జాలర్ల సందు
జనవరి 10

దలాల్‌కి పెద్దమ్మ రాసేది.

నువ్వు చెప్పినట్టే చేశాను. టేపు రికార్డరు చంకన పెట్టుకుని పట్టపగలు ఫర్గలీ బాబాయి ఇంటికి వెళ్లాను. సందులో ఆడవాళ్లు తలుపుల్లోంచి చూశారు, పదకొండు నెలలు రేడియో ఆపించిన మనిషి పాటల పెట్టె మోసుకెళ్తోందేమిటని. బాబాయి మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. మాట ఒక పక్కకి పోయింది, అర్థమవుతుంది. "క్షమాపణ చెప్పడానికి వచ్చావా, ఏడిపించడానికి వచ్చావా" అన్నాడు.

"వినిపించడానికి వచ్చాను" అన్నాను.

పెట్టాను. పాట అయింది. "సరిపోయిందా దలాల్" అన్నాడు. తర్వాత మూలుగు వచ్చింది, నువ్వు తీసేసిన మూలుగు. నాలుగు వేట్లు ఊరికే లాగాడు, ఊపిరి తీసుకుంటూ. తర్వాత తనలో తను మాట్లాడుకున్నట్టు, "బోయా అవతల రాళ్ల దగ్గర ఒక్క వల వేసి వస్తాను దలాల్. ఉత్త చేతుల్తో ఎక్కితే మా ఇంటి పోలీసు ఊరుకోదు" అన్నాడు. నవ్వాడు. ఆ తర్వాత పాట ఎత్తుకున్నాడు. తెడ్డు పాట వరసలోనే, మాటలు వేరు.

ఏమీ తేకుండా గుమ్మం ఎక్కకంది అమ్మ
ఏం తీసుకుపోను చెప్పు, నీళ్లమ్మా
చేప ఇస్తావా, రాయి ఇస్తావా
నేను వచ్చానంటే చాలదా, చెప్పమ్మా

నేను తిట్టిన తిట్టుని వాడు పాటగా కట్టాడు. చరణానికి నాలుగు వేట్లు, ఒక్కటి తప్పలేదు. రెండోసారి ఎత్తుకుని "చేప ఇస్తావా" దగ్గర పాట ఆగింది, రెండు వేట్లు ఊరికే పడ్డాయి, గరగర పెద్దదై తెగిపోయింది.

బాబాయి పెళ్లాం చేటలో ఏరుతున్న పప్పు అలాగే వదిలేసింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. దుప్పటి మీద ఎడమ చెయ్యి కదులుతోంది, నాలుగు నాలుగుగా. కాసేపటికి, "మూడో చరణం వరస నా దగ్గర కొట్టేశాడు దొంగ. దాన్ని బాగు చేశాడు కూడా" అన్నాడు.

అక్కడ నాకు ఏడుపు వచ్చింది. వాడు పోయాక అదే మొదటిసారి. అంతకుముందు సందంతా విన్నది ఏడుపు కాదు, అరుపు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను.

నీ మాట మీద వాడు నీళ్ల మీదికి వెళ్లాడు. నా మాట మీద తిరిగి రాలేదు. నువ్వు అడక్కపోతే రాళ్ల దాకా పోయేవాడా, పోయేవాడేమో. నేను అనకపోతే బోయా దగ్గర తిరిగేవాడా, తిరిగేవాడేమో. రోజూ పిండి కలిపేటప్పుడు దీన్ని ఇటూ అటూ తిప్పుతాను. ఎటు తిప్పినా ఇద్దరిలో ఎవరూ తేలిక అవ్వరు. నీ వాటా నేను తీసుకోను, నా వాటా నీకు ఇవ్వను. క్షమించానని రాయమని మీ అమ్మ ఏడుస్తూ అడిగింది. ఆ మాట నాకు ఇంకా రావడం లేదు, రాని మాట రాయను.

ఫర్గలీ బాబాయి ఇంటి నుంచి తిన్నగా హుస్నియ్యా ఇంటికి వెళ్లాను. పంపు దగ్గర ఉంది. "కానివ్వండి" అన్నాను. ఆమె బిందె కింద పెట్టి, "డప్పుతోనా" అంది. "డప్పుతోనే, అన్నింటితో" అన్నాను. సాయంత్రానికి అషూర్ వచ్చాడు. ఖమీసు పెట్టె తీసి ఇచ్చాను. తీగలు తుప్పు పట్టాయి, రెండు మార్చాలన్నాడు. "జాగ్రత్తగా చూస్తా పిన్నీ" అన్నాడు. "చూడ్డమెందుకు, వాయించు" అన్నాను. పిల్ల పెళ్లి వచ్చే గురువారం. నేను వెళ్లను, మా మెట్టు మీద కూర్చుని వింటాను. బాబాయిని కుర్చీలో మోసుకొస్తారట. చెయ్యి లేకపోయినా నోటితో తప్పులు పట్టడానికి పనికొస్తానంటున్నాడు.

మీ సినిమా సంగతి. తెల్లగుడ్డ మా గోడకే కట్టుకోండి. కానీ నదీమ్ గారికి అంతా చెప్పు, నువ్వే చెప్పు, నేను రాసిన ఉత్తరాలు చూపించు. ఎవరినీ ఏమీ అడగలేదనే వాక్యం మొదట్లో ఉంటే మా సందులో వెయ్యనివ్వను. నువ్వు అడిగావు. నేనూ అడిగాను. ఆయన ఒప్పుకోకపోతే గుడ్డ చుట్టుకుని ఇంకో ఊరు వెళ్లమను. ఒప్పుకుంటే, చివర పాటలో నువ్వు కోసిన ముక్క తిరిగి అతుకు. నీ గొంతు కూడా పెట్టు, ఇంకొక్కసారి పాడమన్నది, ఆ టీ మాట కూడా. టేపు అప్పటికే తిరుగుతూ ఉంటే అదీ పడి ఉంటుంది. నా తిట్టు వాడి గొంతులో ఎలాగూ ఉంది. మూడు గొంతులూ ఉండాలి. జనం నవ్వినచోట నవ్వుతారు, తర్వాత తెలుసుకుంటారు.

పిండి డబ్బాలో పెట్టె నీకు పంపడం లేదు. మీ ఆఫీసువాళ్లు అడిగితే సముద్రంలో పోయిందని చెప్పు. అందులో అబద్ధం లేదు.

సినిమా వేసే రోజు నువ్వు రావాలి. యంత్రం వెనక కాదు, ఆడవాళ్ల వైపు చాప మీద నా పక్కన కూర్చోవాలి. చెవులకి ఏ తొడుగూ ఉండకూడదు. ఆ మూలుగు, ఆ నీళ్లు, ఆ గరగర నాకు ఎలా వినపడతాయో నీకూ అలాగే వినపడాలి. తెగిపోయే చోట లేచి వెళ్లిపోవద్దు.

సందులోకి రాగానే అందరూ నిన్ను చూస్తారు. చూడనీ. మా ఇంటి దగ్గరికి వచ్చి బయట నిలబడకు. ఉత్త చేతులతో వచ్చినా సరే, గుమ్మం ఎక్కు.

ఖమీసు తల్లి